మా పాత జీపు

మా తండ్రిగారి నాటి జీపు నేటికిని మా ముంగిట నున్నది. మహీంద్రా వారు బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చుట ప్రారంభించిరి. మాది ఆ వంశములోనిదే. మరమ్మతులు నేనే చేసికొందును. తెలుగు పాఠము చెప్పువానికి పానాతో పనియేమని సహోద్యోగుల పరిహాసము.

నిరుడు బ్రేకు విప్పి, మాస్టరు సిలిండరును కిరసనాయిలుతో శుభ్రముగా కడిగి, రబ్బరు కప్పులను మరల అమర్చితిని. కొన్నాళ్ళకు పాడేరు ఘాటు దిగుచుండగా, పెడలుపై కాలు తీసినను చక్రములు పట్టు విడువలేదు. డ్రమ్ముల నుండి పొగ! కొండ దిగువ నున్న వృద్ధ మెకానిక్కు కప్పులను వ్రేళ్ళతో నొక్కి చూచి, “మాష్టారూ, రబ్బరుకు కిరసనాయిలు పడదండీ, ఉబ్బిపోయింది చూడండి” అనెను. ఉబ్బిన కప్పు, ఆయిలు వెనుకకు మరలు సన్నని రంధ్రమును మూసివేయును. ఒత్తిడి లోపలనే నిలిచిపోవును. బ్రేకు ఆయిలుతోనే కడుగవలెనట.

అతడు విప్పి చూపినపుడే మరియొకటి గ్రహించితిని. మా జీపులో నాలుగు చక్రముల బ్రేకులకును ఆయిలు దారి ఒక్కటే. ఎచ్చట కారినను నాలుగును పోవును! అందుచే ఈ వేసవిలో జంటగదుల సిలిండరును అమర్చితిని: ముందు చక్రములకొక గది, వెనుక చక్రములకొక గది. గొట్టములు నేనే వంచితిని. రెండు పాడుచేసితిని కూడ. గాలి తీయునపుడు మా అమ్మాయి పెడలు తొక్కుచుండ, నేను సీసాలో బుడగలు చూచుచు కూర్చుంటిని. చీకటిపడు వేళకు బుడగలాగినవి, పెడలు గట్టిపడెను.