చింతపండు పులుసు – ఫ్లోరైడు నీరు

చింతపండు వాడెడివారిని ఫ్లోరైడు వ్యాధి అంటదనియు, అంటినను ఎముకలలో చేరిన విషము దాని వలన కరగిపోవుననియు ఒక మాట వినవచ్చుచుండును. చేతి ఫోనులలో దినదినము వచ్చిపడు వైద్య సలహాలలో ఇదియు ఒకటి. నల్లగొండ, పాలమూరు సీమల గృహిణులకు ఇది చెవి కింపైన మాట. పచ్చిపులుసు లేని పూట మన యిండ్లలో ఎన్నడు? ఔషధము వంటింటి జాడీలోనే యున్నదనిన ఎవరికి సంతోషము కలుగదు?

ఈ మాటలో సత్యము లేకపోలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు మనుష్యులయందు పరీక్షించి ప్రకటించిన విషయమే యిది. ఐనను ఆ సత్యము పిడికెడా, పుట్టెడా అని కొలిచి చూచుకొనుట మన విధి. ఏలయన, దానిని నమ్మి నీటి విషయమున ఏమఱినచో బాధపడువారు ఇంటిలోని పసివారును, గర్భిణులును.

మొదట నీటి సంగతి చెప్పికొందము. దక్షిణ తెలంగాణపు మెట్ట నేలల క్రింద నున్నది గ్రానైటు రాయి. ఆ రాతిలోని అబ్రకము మొదలగు కొన్ని ఖనిజములయందు ఫ్లోరిను అను మూలకము ఇమిడి యున్నది. వాననీరు రాతి నెఱ్ఱెలలోనికి దిగి యేండ్ల తరబడి నిలిచినపుడు, ఆ నీటిలో సోడా గుణము హెచ్చి సున్నపు పాలు తగ్గినచో, ఫ్లోరైడు అంతకంతకు అధికముగ కరగును. వానలు తక్కువైన సీమ యగుటచేత చెఱువులు, మోటబావులు ఎండి, ప్రజలు లోతైన బోర్లను ఆశ్రయించిరి. ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. తేటగా, తియ్యగా నున్నది గదా, ఇది మంచి నీరే యని నాలుకతో తీర్మానించుట ఇచ్చట చెల్లదు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రామునకు మించకుండుట మేలనియు, వేఱు నీరు దొరకనిచోట ఒకటిన్నర వరకు ఓర్చుకొనవచ్చుననియు మన దేశపు ప్రమాణము చెప్పుచున్నది. మన జిల్లాల బోర్లలో పెక్కింట ఈ హద్దు ఎన్నో రెట్లు దాటినది.

ఈ వ్యాధి నిన్న మొన్నటిది కాదు. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో షార్టు మొదలగు వైద్యులు దీనిని గుర్తించి మన దేశమున మొదటి పర్యాయము వర్ణించిరి. నల్లగొండ జిల్లాలోని రోగులను గూర్చి డాక్టరు సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్రాసెను. అటుపిమ్మట మఱ్ఱిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి మొదలగు ఊళ్ల పేర్లు దేశమంతటను ఈ వ్యాధి మూలముననే తెలియవచ్చెను. పిల్లల పండ్లపై సున్నపు మచ్చలు, పిదప పసుపు, గోధుమ చారలు. పెద్దలకు మెడ త్రిప్పలేని బిగువు, నడుము వంగని పట్టు. కొందఱికి మోకాళ్లు ఒకటికొకటి రాచుకొని పాదములు ఎడమగుట. ఆ యూళ్లకు పిల్ల నిచ్చుటకు జంకిన తలిదండ్రులు ఎందఱో. నీటి కొఱకు ఆ జిల్లావారు పడిన పాటు 1996 లోకసభ ఎన్నికలకు ఎక్కినది. జలసాధన సమితి పిలుపు మేరకు నల్లగొండ స్థానమునకు నామినేషనులు వెల్లువెత్తి 480 మంది అభ్యర్థులు నిలువగా, ఓటు కాగితము పుస్తకమై కూర్చున్నది! ఒక్క బిందె మంచినీటి కొఱకు ఇంతటి సాహసము చేసిన జిల్లా మఱియొకటి కలదేమో నే నెఱుగను.

ఇక దేహములో జరుగునది. త్రాగిన ఫ్లోరైడులో అధిక భాగము కడుపునుండి రక్తములో చేరును. మూత్రపిండములు కొంత వెడలగొట్టును; మిగిలినది ఎముకలలో చేరి అచ్చటి సున్నపు పదార్థముతో కలిసిపోవును. పెరుగుచున్న పిల్లల ఎముకలు పెద్దల ఎముకలకంటె హెచ్చుగా పీల్చుకొనును. పండ్లపై మచ్చలు కూడ, పండ్లు చిగురు లోపల తయారగు బాల్యదశయందు త్రాగిన నీటివలననే కలుగును. ఎనిమిదేండ్లు దాటిన పిమ్మట మంచినీరు పోసినను ఆ మచ్చలు పోవు. మూత్రపిండముల జబ్బు గలవారి దేహమునందు ఫ్లోరైడు మఱింత నిలిచిపోవును గనుక వారి నీటిపై ప్రత్యేక శ్రద్ధ వహింపవలయును.

ఇప్పుడు చింతపండు. పోషకాహార సంస్థవారు 2002లో ప్రకటించిన పరిశోధనలో బాలురకు దినమునకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 దినములు భోజనముతో నిచ్చిరి. కడవఱకు నిలిచిన బాలురు పద్ధెనిమిది మంది. చింతపండు లేని దినములలో వారి మూత్రమున దినమునకు 3.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు వెడలుచుండగా, చింతపండు తినిన దినములలో 4.8 మిల్లీగ్రాములు వెడలెను. మూత్రము క్షారగుణము పొందినపుడు ఫ్లోరైడు హెచ్చుగా బయటికి పోవును. చింతపండులోని ఆమ్ల లవణములు అట్టి మార్పు తెచ్చుచుండునని యూహింపవచ్చును. ఎముకలో చేరిన ఫ్లోరైడును కూడ ఇది కొంత కదల్చునని ఆ సంస్థవారి తరువాతి పరిశీలనలు సూచించినవి. సంతోషము. పదిమంది నిత్యము తిను వస్తువును తెచ్చి పరీక్షకు పెట్టిన ఆ శాస్త్రజ్ఞుల బుద్ధిని మెచ్చుకొనవలసినదే.

కాని లెక్క చూడుడు. 4.8లో 3.5 తీసివేసినచో మిగులునది 1.3 మిల్లీగ్రాములు. మీ బోరునీటిలో లీటరునకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న దనుకొనుడు. ఈ 1.3 మిల్లీగ్రాములు ఎంత నీటిలో నుండును? లీటరులో మూడవ వంతున. అనగా చింతపండు దినమంతయు శ్రమించి వెడలగొట్టినది, ఒక గ్లాసున్నర బోరునీరు మరల లోపలికి తెచ్చిపెట్టును. ఎండకాలమున పొలమునకు పోవు ఆడుది మూడు లీటర్లు త్రాగును. ఆమె దేహమున చేరునది 12 మిల్లీగ్రాములు. పన్నెండెక్కడ, ఒకటింపాతిక యెక్కడ! చెఱువుకు గండి పడినపుడు చెంబుతో నీరు తోడి పోసిన చందమున నుండును. పచ్చిపులుసు తినుడు, చారు త్రాగుడు, చింతచిగురు పప్పు వండుకొనుడు. కడుపులో మంట లేనివారికి అది మేలే. కాని వంగిన ఎముకను పులుసు నిటారు చేయునని ఎవరైనను చెప్పినచో నమ్మకుడు.

ఇందులో మనము మఱచు సంగతి యొకటి కలదు. త్రాగుటకు నల్లా నీరో, డబ్బా నీరో తెచ్చుకొని, వంటకు మాత్రము పెరటి బోరునీరే వాడు ఇండ్లు నేటికిని లేకపోలేదు. "మరగిన నీటిలో దోషమేమి?" అందురు. మరగించుటవలన క్రిములు చచ్చును; ఫ్లోరైడు చావదు. నీరు ఆవిరియై తగ్గినకొలది అది చిక్కనగును. అన్నము పీల్చుకొన్న నీరు, పప్పు ఉడికిన నీరు, చారు, అంబలి, టీ, ఇవన్నియు కలిసి ఒక్కొక్కరి పాలికి లీటరున్నర యైనచో, పై లెక్కనే ఆఱు మిల్లీగ్రాములు. ఎంత శ్రద్ధతో చింతపండు పిసికినను, ఆ పిసికిన నీరు బోరునీరైనచో ప్రయోజనమేమి? కావున మంచి నీరు కొద్దిగా నున్న యింట దానిని త్రాగుటకును వంటకును ఉంచి, బట్టలకు, అంట్లకు, స్నానమునకు బోరునీరు వాడవలయును. చర్మమునకు తగిలిన ఫ్లోరైడు ఈ వ్యాధిని తేదు.

పటిక వేసి తేర్చిన నీరు మంచిదందురు కొందఱు. బిందెలో పటికబెడ్డ రెండు చుట్లు త్రిప్పినచో బురద దిగును గాని, ఫ్లోరైడునకు అది చాలదు. మునగ గింజల పొడియు అంతే. మురికి తేర్చుట వేఱు, ఫ్లోరైడు తీయుట వేఱు. ఐనను పటికతో ఫ్లోరైడును తగ్గించు క్రమమైన పద్ధతి యొకటి కలదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970 దాటిన పిమ్మట దానిని రూపొందించి, మన జిల్లా పేరనే 'నల్లగొండ పద్ధతి' అని ప్రచురించిరి. నీటిలోని ఫ్లోరైడును, క్షారమును ముందుగా కొలిచి, దానికి తగిన పటికను, పటికలో ఇరువదవ వంతు సున్నమును కలిపి, పది నిమిషములు మెల్లగా కలియబెట్టి, గంటసేపు తేరనిచ్చి, పైనీటిని అడుగు కదలకుండ తీసికొనవలయును. అడుగున పేరుకొన్న మడ్డిలో ఫ్లోరైడు దిగియుండును, దానిని పాఱవేయవలయును. ఈ పద్ధతి ఆఫ్రికాలోని కెన్యా, టాంజానియా, ఇథియోపియా దేశముల వఱకు పోయినది. నల్లగొండ పేరు పరదేశములలో ఒక నీటి విద్యకు పేరై నిలుచుట మనకు గర్వకారణమో, కంటినీటి కారణమో తెలియకున్నది. ఏది యెట్లున్నను, కొలత తెలియక ఊహతో పటిక వేయరాదు. తక్కువైనచో ఫ్లోరైడు పోదు. ఎక్కువైనచో అల్యూమినియము నీటిలో మిగులును. రివర్సు ఆస్మాసిస్ యంత్రము ఫ్లోరైడును తీయును. కొవ్వొత్తి ఫిల్టర్లు, రాగి చెంబులు, మట్టి కుండలు తీయవు.

ఆహారమున మనకు నిజముగా తోడ్పడునది సున్నపు సారము, అనగా కాల్షియము. భోజనములో కాల్షియము ఉన్నపుడు అది కడుపులోనే ఫ్లోరైడును కొంత పట్టుకొని రక్తములోనికి పోనీయదు. పాలు, పెరుగు, మజ్జిగ, మునగాకు, నువ్వులు దీనికి తగినవి. తైదల మాట చెప్పనక్కఱలేదు. నూఱు గ్రాముల తైదలలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు, బియ్యములో దాని పాలు అత్యల్పము. మంచి నీటితో కాచిన తైదంబలిలో మజ్జిగ పోసి ఉదయముననే పిల్లల కిచ్చుట కెవరికిని కష్టము కాదు. ఉసిరి, జామ కూడ పెట్టుడు. జొన్నను గూర్చి ఒక మాట: మోకాళ్లు వంకరపోవు జబ్బును పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో లాన్సెట్టు పత్రికలో వర్ణించిరి. ఆ సీమ జొన్నలలో మాలిబ్డినము అను లోహము హెచ్చుగా నుండి, దేహములోని రాగిని తగ్గించుటయు ఈ జబ్బునకు తోడగుచుండునని పిదప భావించిరి. ఇంతమాత్రమున జొన్నరొట్టెను వెలివేయ నక్కఱలేదు. ఒక్క జొన్నపైననే యాధారపడక తైదలు, సజ్జలు, పప్పులు మార్చి మార్చి వండుకొన్న చాలును.

గర్భిణుల విషయము వేఱుగ చెప్పవలసి యున్నది. తల్లి రక్తములోని ఫ్లోరైడు మావిని దాటి శిశువును చేరును. ఢిల్లీలో డాక్టరు ఎ. కె. సుశీల తన సహచరులతో చేసి 2010లో ప్రకటించిన పరిశోధనలో, మూత్రమున ఫ్లోరైడు హెచ్చుగా నున్న రక్తహీన గర్భిణులకు ఫ్లోరైడు గల నీటిని, ఆహారమును మాన్పించి, పాలు, కూరలు, పండ్లు పెంచగా, వారి రక్తము వృద్ధియగుటయు, పుట్టిన శిశువుల బరువు పెరుగుటయు కనుగొనిరి. పాలు లేని టీ, నల్ల ఉప్పు కూడ మానుడని ఆమె సలహా. టీ ఆకులో సహజముగనే ఫ్లోరైడు కలదు. ఇనుము మాత్రలు మ్రింగుచున్నను రక్తము పట్టని కోడలిని, కూతురిని చూచి "ఒళ్లు అట్టిది" అని సరిపెట్టుకొనుటకు ముందు ఆమె త్రాగు నీరెక్కడిదో అడుగవలయును. వైద్యురాలికి కూడ ఆ మాట చెప్పుడు.

2016 ఆగస్టు 7న గజ్వేలు ప్రాంతపు కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైన పిమ్మట కృష్ణా జలములు పైపులలో ఈ ఊళ్లకు వచ్చినవి. 2020 నాటికి కేంద్ర ప్రభుత్వపు పట్టికలలో తెలంగాణమున ఫ్లోరైడు పీడిత ఆవాసముల సంఖ్య సున్నకు దిగినది. ఇది చిన్న విజయము కాదు. ఐనను పట్టిక చెప్పునది ఊరికి వచ్చు నీటి సంగతి. క్రింది రాయి ఆ రాయే, బోరు ఆ బోరే. నల్లా రెండు దినములు రాకపోయినచో చేయి బోరింగు మీదికే పోవును. కావున నల్లా వచ్చిన దినముననే రెండు మూడు దినముల వంటకు సరిపడు నీరు మూతగల పాత్రలలో వేఱుగ పట్టి యుంచుడు. మీ పెరటి బోరునీటిని సీసాలో పట్టి, నీటి పరీక్షాశాలలో ఫ్లోరైడు ఎంతో వ్రాయించుకొని, ఆ అంకెను బోరు పిడిపైననే రంగుతో వ్రాయించుడు. ఐదాఱేండ్ల లోపు పిల్లలకు ఫ్లోరైడు కలిపిన పండ్ల పేస్టు నోట పెట్టినచో మ్రింగివేయుదురు. వారికి వేపపుల్లయో, ఫ్లోరైడు లేని పేస్టో చాలును.