క్రైస్తవ విశ్వాసానికి పునాది పునరుత్థానం

సమాధుల తోటలో మొదలయ్యే ఈస్టర్ అంతరార్థం

వరంగల్: క్రైస్తవుల పెద్ద పండుగ ఏదని అడిగితే ఎక్కువమంది క్రిస్మస్ అనే చెబుతారు. నక్షత్రాలు, పశువుల పాకలు, కేకులు, పాటలతో ఊరంతటికీ కనిపించే పండుగ అది. ఈస్టర్‌కు అంతటి ఆర్భాటం ఉండదు. ఆ రోజు తెల్లవారక ముందే చాలా కుటుంబాలు కొవ్వొత్తులు, పూలు పట్టుకొని సమాధుల తోటకు బయలుదేరుతాయి. అంతకు రెండు మూడు రోజుల ముందే కలుపు తీసి, సమాధులకు సున్నం వేసి ఉంచుతారు. తూర్పు ఎర్రబారే వేళకు తమవారి సమాధుల వద్ద దీపాలు వెలిగించి, పాటలు పాడి, ప్రార్థన చేసి అక్కడి నుంచి చర్చికి వెళతారు. ఏడాదిలో అత్యంత ఆనందకరమైన పండుగను మరణించినవారి మధ్య ఎందుకు ప్రారంభిస్తారని ఇతరులకు సందేహం కలగడం సహజం. ఈస్టర్ అర్థమంతా ఆ ప్రశ్నకు చెప్పే సమాధానంలోనే ఉంది.

మొదటి ఈస్టర్ జరిగింది అక్కడే

యేసుక్రీస్తును శుక్రవారం సిలువ వేశారు. సాయంత్రమైతే యూదుల విశ్రాంతి దినం మొదలవుతుంది కనుక అరిమతయి యోసేపు అనే పెద్దమనిషి తన కోసం రాతిలో తొలిపించుకొన్న సమాధిలో ఆ దేహాన్ని తొందరగా ఉంచి, రాయి అడ్డుపెట్టించాడు. విశ్రాంతి దినం గడిచాక ఆదివారం తెల్లవారుజామున మగ్దలేనే మరియ, మరికొందరు స్త్రీలు సుగంధ ద్రవ్యాలు తీసుకొని బయలుదేరారు. వారు వెళ్లింది పండుగ చేసుకోవడానికి కాదు. తొందరలో మిగిలిపోయిన అంత్య సంస్కారాన్ని పూర్తి చేయడానికి. ఆ పెద్ద రాయిని ఎవరు దొర్లిస్తారన్నదే దారి పొడవునా వారి దిగులు. తీరా చేరేసరికి రాయి తొలగి ఉంది, సమాధి ఖాళీగా ఉంది.

యోహాను సువార్త ప్రకారం మరియ అక్కడే నిలబడి ఏడుస్తోంది. ఎదురుగా నిలిచిన వ్యక్తిని తోటమాలి అనుకొంది. ఆయన పేరు పెట్టి పిలిచాకే ఆయన యేసు అని గుర్తించింది. అంటే మొదటి ఈస్టర్ ఒక సమాధి పక్కన, ఏడుస్తున్న మనిషి ముందు జరిగింది. నేడు సమాధుల తోటకు వెళ్లే కుటుంబాలు ఆ స్త్రీలు నడిచిన దారినే నడుస్తున్నాయి.

నాటి యూదు సమాజంలో స్త్రీల సాక్ష్యానికి అంతగా విలువ లేదు. అయినా నాలుగు సువార్తలూ తొలి సాక్షులుగా స్త్రీలనే పేర్కొన్నాయి. వారి మాటలను శిష్యులు మొదట నమ్మలేదని కూడా లూకా సువార్త దాచకుండా చెబుతుంది. ఎవరైనా కథ కల్పించదలచుకొంటే ఇలాంటి సాక్షులను ముందు నిలబెట్టరని క్రైస్తవ పండితులు వాదిస్తారు.

శుక్రవారం మరణించి ఆదివారం లేస్తే మూడో రోజు ఎలా అవుతుందని కొందరు అడుగుతుంటారు. మనం ‘మూడోనాడు’ అన్నప్పుడు మొదటి రోజును కలిపి లెక్కించినట్లే యూదులూ లెక్కించేవారు. శుక్ర, శని, ఆదివారాలు కలిపి మూడు రోజులు.

పునర్జన్మ వేరు... పునరుత్థానం వేరు

పునః అంటే మళ్లీ, ఉత్థానం అంటే లేవడం. పునరుత్థానం అంటే తిరిగి లేవడం. ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఈ మాట ఎక్కువగా వినిపిస్తే, కతోలికులు ‘ఉత్థానం’ అని కూడా వాడతారు. మన దేశంలో అందరికీ తెలిసిన పునర్జన్మ భావనతో దీన్ని కలిపి చూడడం వల్ల తరచుగా పొరపాటు జరుగుతుంది. పునర్జన్మలో ఆత్మ ఒక దేహాన్ని విడిచి మరొక దేహాన్ని పొందుతుంది. పునరుత్థానంలో మరణించిన వ్యక్తే, అదే పేరుతో, అదే గుర్తింపుతో, మార్పు చెందిన దేహంతో లేస్తాడన్నది క్రైస్తవ బోధ.

కేవలం ప్రాణం తిరిగి రావడం కూడా ఇది కాదు. బేతనియ గ్రామానికి చెందిన లాజరును యేసు నాలుగో రోజున సమాధి నుంచి బతికించినట్లు యోహాను సువార్తలో ఉంది. కానీ లాజరు మానవులందరిలాగే తరువాత మళ్లీ మరణించవలసినవాడే. క్రీస్తు మాత్రం ఇక మరణం లేని జీవంలోకి లేచాడని సంఘం విశ్వసిస్తుంది.

అలాగని శిష్యులు చూసింది నీడనో, ఆత్మనో కాదని సువార్తలు నొక్కి చెబుతాయి. లేచిన యేసు కాల్చిన చేప ముక్క తిన్నాడు. కళ్లారా చూస్తే తప్ప నమ్మనన్న తోమాకు తన చేతుల గాయాలు చూపాడు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. మరణాన్ని జయించిన దేహంపైనా సిలువ గాయాలు అలాగే ఉన్నాయి. పునరుత్థానం బాధను చెరిపివేయలేదు, ఆ బాధకు చివరి మాటగా నిలిచే అధికారాన్ని తీసివేసింది. ఆ సందేహించిన తోమాయే క్రీస్తుశకం 52లో భారతదేశానికి వచ్చాడని, చెన్నైలోని మైలాపూర్ ప్రాంతంలో హతసాక్షి అయ్యాడని సంప్రదాయం చెబుతోంది.

అది లేకుంటే విశ్వాసమే వ్యర్థం

క్రైస్తవ్యాన్ని కేవలం మంచి బోధల మతంగా చూసేవారు ఉన్నారు. కొండమీద ప్రసంగం, పొరుగువారిని ప్రేమించమన్న బోధ వంటివి చాలవా, పునరుత్థానాన్ని నమ్మకపోతే ఏమి అన్న ప్రశ్న కొత్తది కాదు. క్రీస్తుశకం 55 ప్రాంతంలో కొరింథులోని సంఘానికి రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు దీనికి ఏ మాత్రం మెత్తదనం లేకుండా సమాధానమిచ్చాడు. క్రీస్తు లేవకపోయి ఉంటే తమ ప్రకటన వట్టిదని, విశ్వాసం వ్యర్థమని, విశ్వాసులు మనుషులందరిలోకీ దౌర్భాగ్యులని ఆయన వాదన. లేచిన క్రీస్తు ఒకేసారి ఐదు వందల మందికి పైగా కనిపించాడని, వారిలో ఎక్కువమంది ఇంకా సజీవులుగా ఉన్నారని కూడా రాశాడు. అంటే కావాలంటే వెళ్లి అడగవచ్చునని సవాలు చేసినట్లే. ఒక మతాన్ని బోధించేవాడే, ఈ ఒక్కటి అబద్ధమైతే అంతా అబద్ధమేనని రాసి ఇవ్వడం అరుదు. ఈస్టర్ లేకపోతే క్రిస్మస్‌కూ అర్థం లేదని సంఘ కాపరులు చెప్పడానికి కారణం ఇదే.

లేచే దేహం ఎలా ఉంటుందన్న ప్రశ్నకు పౌలు విత్తనాన్ని ఉదాహరణగా చూపాడు. వరి పండించే వరంగల్ రైతుకు ఇది వివరించి చెప్పనవసరం లేదు. నారుమడిలో చల్లిన గింజ ఆ రూపంలో మళ్లీ కనిపించదు. అది పోతేనే మొలక వస్తుంది. మొలిచింది వేరొక పంట కాదు, ఆ గింజదే. కానీ చల్లిన గింజకూ, కంకితో ఊగే పైరుకూ పోలికే లేదు. మట్టిలో పెట్టడాన్ని పారేయడంగా కాక విత్తడంగా చూడమన్నదే ఈ ఉపమానం సారం.

తెలుగు క్రైస్తవుల మాటల్లోనూ ఈ నమ్మకం స్థిరపడింది. ఎవరైనా మరణిస్తే ‘ప్రభువునందు నిద్రించారు’ అంటారు. సమాధి ఫలకాలపైనా అలాగే చెక్కిస్తారు. శ్మశానాన్ని తోట అని పిలుస్తారు. ఇంగ్లిషులోని ‘సిమెట్రీ’ అనే పదానికి మూలమైన గ్రీకు మాటకు కూడా నిద్రించే చోటు అనే అర్థం. నిద్రించినవారు మేల్కొంటారన్న నిరీక్షణే ఈ మాటలన్నింటికీ ఆధారం.

నలభై రోజుల సిద్ధపాటు

ఈస్టర్ ఒక్క రోజు పండుగ కాదు. భస్మ బుధవారంతో మొదలై, ఆదివారాలను మినహాయిస్తే నలభై రోజులపాటు ఉపవాస ప్రార్థనలు సాగుతాయి. కతోలికులు దీన్ని తపస్సుకాలం అంటే, ప్రొటెస్టెంట్లు శ్రమల దినాలు అంటారు. చివరి వారం మట్టల ఆదివారంతో ప్రారంభమవుతుంది. గురువారం యేసు శిష్యుల పాదాలు కడిగిన ఘట్టాన్ని, కడరాత్రి భోజనాన్ని స్మరిస్తారు. శుభ శుక్రవారం నాడు సిలువపై పలికిన ఏడు మాటలను ధ్యానిస్తారు. కతోలిక విచారణల్లో పద్నాలుగు స్థలాల సిలువ మార్గం నిర్వహిస్తారు.

పండుగ తేదీ ఏటా మారడానికి చంద్రుని గమనం కారణం. క్రీస్తుశకం 325లో జరిగిన నైసియా మహాసభ ఈస్టర్‌ను అందరూ ఒకే ఆదివారం జరుపుకోవాలని నిర్ణయించింది. మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం ఈస్టర్ అవుతుంది. అందువల్ల అది మార్చి 22కు ముందు, ఏప్రిల్ 25 తరువాత రాదు. 2025లో ఏప్రిల్ 20న వచ్చిన పండుగ 2026లో ఏప్రిల్ 5న, 2027లో మార్చి 28న వస్తుంది. పౌర్ణమితో ముడిపడి ఉండడానికి కారణం యూదుల పస్కా పండుగ. యేసు మరణం ఆ పండుగ రోజుల్లోనే జరిగింది.

చీకటి నుంచి వెలుగులోకి

వరంగల్ కతోలిక మేత్రాసనం 1952లో ఏర్పడింది. దాని ప్రధాన దేవాలయం కాజీపేటలోని ఫాతిమా మాత కేథడ్రల్. కతోలిక దేవాలయాలన్నింటిలో శనివారం రాత్రి పాస్కా జాగరణ జరుగుతుంది. దీపాలన్నీ ఆర్పివేసి, గుడి వెలుపల కొత్త నిప్పు రాజేస్తారు. దానితో ఆ ఏడాది అంకెలు చెక్కిన పాస్కా కొవ్వొత్తిని వెలిగించి చీకటి నిండిన ఆలయంలోకి తీసుకువస్తారు. ఆ ఒక్క వెలుగు నుంచి పక్కవారి కొవ్వొత్తులకు వెలుగు అందుతూ క్షణాల్లో ఆలయమంతా వెలుగుతో నిండుతుంది. అదే రాత్రి జ్ఞానస్నాన జలాన్ని ఆశీర్వదిస్తారు. సమాధుల వద్ద ప్రార్థనకు కతోలికులు ప్రత్యేకంగా నవంబరు 2ను కేటాయించుకొన్నారు. ఈస్టర్ వేకువన సమాధుల తోటకు వెళ్లే ఆచారం ముఖ్యంగా ప్రొటెస్టెంట్ సంఘాలది.

ఆ సంఘాల్లో బాప్టిస్టుల చరిత్ర ఈ ప్రాంతంలో పాతది. నెల్లూరు, ఒంగోలుల్లో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1879లో హన్మకొండలో కేంద్రాన్ని నెలకొల్పింది. అంతకు ఒక ఏడాది ముందు, 1878 జులై 3న, ఒంగోలు సమీపంలోని వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. 1876-78 నాటి ఘోర కరవును దాటి వచ్చినవారు. కరవు కాలంలో బకింగ్‌హాం కాలువ పని ద్వారా వారికి ఉపాధి కల్పించిన మిషనరీ జాన్ క్లౌ, తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపివేశారు.

బాప్తిస్మానికీ ఈస్టర్‌కూ విడదీయరాని సంబంధం ఉంది. నీటిలో మునగడం క్రీస్తుతోపాటు మరణించి సమాధి కావడానికి, పైకి లేవడం ఆయనతోపాటు కొత్త జీవంలోకి లేవడానికి గుర్తు. ఊరి వెలుపలే బతకాలని శాసించిన సమాజంలో పుట్టినవారికి ఆ నీటి నుంచి లేవడం కేవలం ఆధ్యాత్మిక చిహ్నం కాలేదు. తామూ తల ఎత్తుకొని నిలబడదగిన మనుషులమేనన్న ఎరుక అది. అయితే కుల భేదం సంఘాల్లోనూ పూర్తిగా అంతరించలేదన్నది క్రైస్తవ పెద్దలే ఒప్పుకొనే సత్యం. మరణాన్ని జయించామని పాడే నోటితోనే పక్కవారిని దూరం పెడితే ఆ పండుగకు అర్థం మిగలదు.

వార్త మోసేవారే సాక్షులు

సమాధి వద్ద మరియకు దొరికిన తొలి ఆజ్ఞ, వెళ్లి తన సోదరులకు చెప్పమన్నదే. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో భాగమై, నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న డోర్నకల్ ఈ ఆజ్ఞకు నిలువెత్తు నిదర్శనం. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో డోర్నకల్ అధ్యక్షునిగా అభిషేకం పొందారు. తమిళ ప్రాంతంలో పుట్టిన ఆయన తెలుగు నేర్చుకొని గ్రామగ్రామం తిరిగారు. బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరి చేతా, సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ అని తలపై చేయి ఉంచి పలికించేవారు. అక్షరం రాని కూలీ కూడా సాక్షి కావచ్చునన్నది ఆయన నమ్మకం. భారతీయ నిర్మాణ రీతులను మేళవించి కట్టించిన డోర్నకల్ కేథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైంది. 1945 జనవరి 1న ఆయన అక్కడే కన్నుమూశారు.

ఈస్టర్ ఉదయం విశ్వాసులు ఒకరికొకరు చెప్పుకొనే శుభాకాంక్షలోనూ ఇదే వార్త ఉంటుంది. ప్రభువు లేచాడని ఒకరంటే, నిజంగా లేచాడని ఎదుటివారు బదులిస్తారు.

ఏడాది తిరగకుండానే బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి, భర్త లేని ఇంట్లో తొలి పండుగ చూస్తున్న భార్యకు ఈ మాట పలకడం తేలిక కాదు. వారిని ఏడవవద్దని ఈస్టర్ చెప్పదు. యేసు సైతం లాజరు సమాధి వద్ద కన్నీరు పెట్టాడు. నిరీక్షణ లేనివారిలా దుఃఖించవద్దని మాత్రమే పౌలు థెస్సలొనీక సంఘానికి రాశాడు. దుఃఖం ఉంటుంది, దానితోపాటు నిరీక్షణ కూడా ఉంటుంది. అందుకే ఈస్టర్ వేకువన వారు ఇంట్లో తలుపు వేసుకొని కూర్చోరు. సున్నం వేసిన సమాధి దగ్గరకు వెళ్లి, మట్టిపై కొవ్వొత్తి నిలిపి, గాలికి ఆరిపోకుండా రెండు చేతులు అడ్డుపెట్టి సూర్యోదయం కోసం చూస్తారు.