చిట్టా ఉన్నా చిక్కే!

పాతకాలం కిరాణా కొట్లో రెండు పుస్తకాలుండేవి. బేరం జరగ్గానే గుమాస్తా చిట్టాలో రాసేవాడు. తీరిగ్గా దాన్ని ఆవర్జాకెక్కించేవాడు. మధ్యలో ఏ ఆటంకమొచ్చినా బెంగలేదు. చిట్టా చూసి ఆవర్జా సరిచేసుకోవచ్చు.

కంప్యూటర్లోనూ ఇదే ఏర్పాటుంది. పేరు జర్నలింగ్. ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో లెక్కచూసేది ఫైల్ సిస్టమ్. ఆ లెక్క మారాలంటే ముందు జర్నల్ అనే చిట్టాలో రాస్తుంది. చివర 'కమిట్' అని ముద్ర వేస్తుంది. ఆ తర్వాతే అసలు చోట మారుస్తుంది. ఇంతలో కరెంటు పోయిందనుకోండి. మళ్లీ ఆన్ చేయగానే చిట్టా తిరగేస్తుంది. ముద్ర ఉన్న పద్దుల్ని పూర్తిచేస్తుంది, లేనివాటిని వదిలేస్తుంది. 2001లో లినక్స్‌లో చేరిన ఈఎక్స్‌టీ3 పనిచేసేది ఇలాగే.

బాగానే ఉంది. మరి కరెంటు ఉండగానే డిస్కు 'రాయలేకపోయాను' అంటే?

2005లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే పరీక్షించారు. డిస్కు మొరాయించినట్టు కావాలనే తప్పులు సృష్టించారు. చిట్టాలో పద్దు పడకపోయినా ఈఎక్స్‌టీ3 పట్టించుకోలేదు. కింద కమిట్ ముద్ర గుద్దేసింది! తర్వాత ఆ చిట్టాను నమ్మితే ఉన్న లెక్కా పాడవుతుంది. రైజర్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ మాత్రం రాత తప్పితే చాలు, మొత్తం యంత్రాన్నే ఆపేసేది. చాదస్తమే. కానీ దొంగ లెక్క రాయడంకన్నా కొట్టు కట్టేయడం మేలు కదా!

2008లో అక్కడి పరిశోధకులే లినక్స్ ఫైల్ సిస్టమ్‌ల ప్రోగ్రాముల్ని జల్లెడపట్టారు. తప్పు జరిగిందన్న కబురు దారిలోనే ఆగిపోతున్న చోట్లు 1,153 దొరికాయి. అంటే 13 శాతం. చదివేటప్పటి తప్పులకన్నా రాసేటప్పటి తప్పుల్నే ఎక్కువగా వదిలేస్తున్నారని తేలింది. చదవమని అడిగిన ప్రోగ్రాము జవాబుకోసం ఎదురుచూస్తుంది. రాత అలా కాదు. చాలాసార్లు వెనక తీరిగ్గా జరుగుతుంది. కబురొచ్చేసరికి అడిగినవాడు వెళ్లిపోయి ఉంటాడు.

2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నిపుణులకు ఇంకో వింత ఎదురైంది. 'డిస్కుకెక్కిందా?' అని అడిగితే లినక్స్ ఒకసారి 'లేదు' అంటుంది. మళ్లీ అడిగితే 'అంతా సవ్యం' అంటుంది! ఎక్కని పేజీల్ని అప్పటికే ఎక్కినట్టు గుర్తుపెట్టేసుకుందన్నమాట. అందుకే 2019 ఫిబ్రవరి నుంచి పోస్ట్‌గ్రెస్ పద్ధతి మార్చుకుంది. మొదటి 'లేదు'కే పని ఆపేసి, తన సొంత చిట్టా చూసి మళ్లీ మొదలెడుతుంది.

ఇప్పటి ఈఎక్స్‌టీ4కీ బుద్ధొచ్చింది. చిట్టా రాయడం కుదరకపోతే పుస్తకం మూసేసి 'రీడ్ ఓన్లీ' అంటుంది. చదువుకోవచ్చు, రాయకూడదు.

మీ కంప్యూటర్లో ఈ మాట కనిపిస్తే విసుక్కుని రీస్టార్ట్ చేసి మామూలుగా పని మొదలెట్టకండి. ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. తర్వాత డిస్కు, కేబులు పరీక్ష చేయించండి. ఇంకో సంగతి... మామూలుగా చిట్టాకెక్కేది ఫైళ్ల లెక్కే. అందులోని మీ ఉత్తరాలూ ఫొటోలూ కావు. చిట్టా కరెంటు కోతకు మందు. చెడిన డిస్కుకు మాత్రం మరోచోట దాచిన నకలే దిక్కు!