టూల్ బీరువా ఎందుకు ముందుకు పడుతుంది?

వర్క్‌షాపులో ప్రమాదం అనగానే మనకు గుర్తొచ్చేవి తిరుగుతున్న లేత్ చక్, గ్రైండర్ నిప్పురవ్వలు, తొడుగు ఊడిన కరెంటు తీగ. ఐ.టి.ఐ.లో చేరిన మొదటి వారంలో చెప్పే భద్రతా సూత్రాలు కూడా వీటి చుట్టూనే తిరుగుతాయి. మూలన గోడవారగా నిలబడి ఉన్న పానాల బీరువాను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది తిరగదు, కాలదు, షాక్ కొట్టదు. కానీ నిండుగా ఉన్న ఐదు సొరుగుల ఇనుప బీరువా బరువు ఇద్దరు మనుషుల బరువును దాటిపోతుంది. అంత బరువు ముందుకు ఒరిగితే ఆపడం ఎవరి వల్లా కాదు.

ఈ వ్యాసం రాయాలని మేము అనుకోవడానికి కారణం ఉంది. మాకంటే రెండేళ్ల ముందు ఇదే వసతి గృహంలో ఉండి ఫిట్టర్ ట్రేడ్ పూర్తి చేసిన ఒక అన్న, కాటేదాన్ వైపు ఒక చిన్న వర్క్‌షాపులో పనికి కుదిరాడు. ఒక సాయంత్రం 19 నంబరు పానా కోసం వెతుకుతూ పై సొరుగు లాగాడు, దొరకలేదు. రెండోది లాగాడు, మూడోది లాగాడు. పైవి మూయకుండానే కిందివి లాగుతూ పోయాడు. ఐదోది లాగేసరికి బీరువా మొత్తం కదిలి మీదికి వచ్చింది. ఎదురుగా ఉన్న బెంచికి పైభాగం తగిలి ఆగింది కాబట్టి ప్రాణం దక్కింది. జారిన సొరుగు పాదం మీద పడి రెండు వేళ్లు విరిగాయి. ఆరు వారాలు పని లేదు, పని లేని రోజులకు కూలీ లేదు. ఊళ్లో అమ్మానాన్నలకు పంపాల్సిన డబ్బు ఆగిపోయింది. పైగా యజమాని అన్న మాట: “సొరుగులన్నీ ఒకేసారి ఎవడు తీయమన్నాడు?”

ఆ మాటతో మేము ఏకీభవించం. వెతికేవాడు సొరుగులు తీస్తాడు, తొందరలో ఉన్నవాడు మూయడం మరిచిపోతాడు. మనిషి అలా చేస్తాడని తెలిసే బీరువాను నిలబెట్టాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. పదో తరగతి లోపు మనమందరం చదివిన గరిమనాభి, బల భ్రామకం ఇక్కడ పనికొస్తాయి. పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేసినవాళ్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. పార్కులో పిల్లలు ఎక్కే ఊగుడు బల్ల లాంటిదే బీరువా కూడా. దాని ముందువైపు అడుగు అంచే ఇరుసు. ఇరుసుకు వెనక ఉన్న బరువు బీరువాను నిలబెడుతుంది, ముందుకు వచ్చిన బరువు పడదోస్తుంది. ప్రతి బరువునూ ఇరుసు నుంచి దానికున్న దూరంతో గుణించి, ఏ వైపు మొత్తం ఎక్కువో చూస్తే చాలు.

ఒక లెక్క వేసి చూద్దాం. బీరువా లోతు 40 సెంటీమీటర్లు, ఎత్తు 120 సెంటీమీటర్లు, ఖాళీ డొక్కు బరువు 40 కిలోలు అనుకుందాం. సామానుతో ఒక్కో సొరుగు 20 కిలోలు, అలాంటివి ఐదు. మొత్తం 140 కిలోలు. సొరుగులన్నీ మూసి ఉంటే బరువంతా ముందు అంచుకు 20 సెంటీమీటర్ల వెనక ఉంటుంది, కాబట్టి భయం లేదు. ఒక సొరుగును 30 సెంటీమీటర్లు బయటికి లాగితే, దాని బరువు 20 సెంటీమీటర్ల వెనక నుంచి 10 సెంటీమీటర్ల ముందుకు వచ్చేస్తుంది. అంటే నిలబెట్టేవైపు నుంచి తగ్గి, పడదోసేవైపు చేరుతుంది. ఎన్నికల్లో ఒక ఓటు అటునుంచి ఇటు మారితే తేడా రెండు అయినట్టు, ఇక్కడ కూడా దెబ్బ రెండువైపులా ఉంటుంది.

మూడు సొరుగులు తీసినప్పుడు వెనకవైపు 1600, ముందువైపు 600. నాలుగు తీస్తే వెనక 1200, ముందు 800. ఇంకా నిలబడే ఉంటుంది. ఐదోది తీయగానే వెనక మిగిలేది డొక్కు ఒక్కటే, 40ని 20తో గుణిస్తే 800. ముందువైపు 1000. పడిపోతుంది. నాలుగో సొరుగు దాకా ఏ కదలికా లేకుండా ఉండి, ఐదోదానికి హఠాత్తుగా రావడం అందుకే. అది ముందుగా హెచ్చరించదు.

ఇప్పుడు మనిషిని కలపండి. మూడు సొరుగులే తీసి ఉన్నాయి, అడుగున ఏముందో చూడడానికి వంగి, తీసిన సొరుగు అంచు మీద చెయ్యి ఆనించి 35 కిలోల బరువు వేశాం. ఆ అంచు ఇరుసుకు 30 సెంటీమీటర్ల ముందు ఉంది కాబట్టి 1050 అదనం. ముందువైపు మొత్తం 1650, వెనక 1600. మూడు సొరుగులకే పడిపోతుంది.

చక్రాల బీరువా అయితే ఇంకా మోసం. చక్రం అంచుకు సరిగ్గా కింద ఉండదు, నాలుగైదు సెంటీమీటర్లు లోపలికి ఉంటుంది. ఇరుసు 5 సెంటీమీటర్లు వెనక్కి జరిగిందనుకుని లెక్క వేస్తే, నాలుగు సొరుగులకు వెనక 900, ముందు 1200. ఇందాక నిలబడిన చోటే ఇప్పుడు పడుతుంది.

బరువైనవి అడుగు సొరుగులో పెడితే చాలు, ఏమీ కాదు అని చాలామంది మేస్త్రీలు చెబుతారు. మంచి సలహానే, కానీ సగం సలహా. పై లెక్కలో మేము ఎత్తును ఎక్కడా వాడలేదని గమనించారా? నేల సమంగా ఉండి సొరుగులు తిన్నగా బయటికి వచ్చినప్పుడు, 20 కిలోల సొరుగు పైన ఉన్నా కింద ఉన్నా పడదోసే శక్తి ఒక్కటే. ఎత్తు ప్రభావం చూపేది బీరువా వాలి ఉన్నప్పుడు, ఎవరైనా తోసినప్పుడు, ఒకసారి ఒరగడం మొదలైనప్పుడు. కాబట్టి సమ్మెటలు, వైసు దవడలు, పెద్ద పానాలు అడుగునే పెట్టండి. అయితే అదొక్కటే చేసి నిశ్చింతగా ఉండకండి.

వాలు సంగతి పాతబస్తీలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. శాలిబండ, గౌలిపురా, అలియాబాద్ వైపు ఇళ్ల ముందు గదులను వర్క్‌షాపులుగా మార్చుకున్నచోట నేల మీద షాబాద్ బండలు ఉంటాయి. ఏళ్ల తరబడి నీళ్లు, బరువులు పడి ఒక బండ కుంగుతుంది, పక్కది లేస్తుంది. కడిగిన నీళ్లు బయటికి పోవాలని గడప వైపు వాలు కూడా పెట్టి ఉంటారు. లోపలి గోడకు ఆనించిన బీరువా ముఖం ఆ వాలు వైపే ఉంటుంది. 40 సెంటీమీటర్ల లోతులో 2 సెంటీమీటర్లు ముందుకు వాలితే, 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న గరిమనాభి 3 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. 20 కాస్తా 17 అవుతుంది. అంతకంటే ముఖ్యం, బేరింగ్ చానెల్ ఉన్న సొరుగులు అలాంటి వాలులో వాటంతట అవే జారి తెరుచుకుంటాయి. రసమట్టం పెట్టి చూసి, ముందు కాళ్ల కింద ఇనుప పట్టీ ముక్కలు పెట్టి సరిచేయాలి. మడిచిన అట్టముక్క వద్దు, నూనె తాగి నలిగిపోతుంది.

ఇప్పుడు అన్నిటికంటే నమ్మకమైన ఉపాయం: గోడకు బిగించడం. 140 కిలోల బీరువాను ఆపాలంటే ఎంత పెద్ద బోల్టు కావాలో అని భయపడనక్కర్లేదు. ఐదు సొరుగులూ తీసినప్పుడు తేడా 1000లోంచి 800 తీస్తే 200 మాత్రమే. బీరువా నెత్తిన, అంటే 120 సెంటీమీటర్ల ఎత్తున బిగిస్తే ఆ బోల్టు మీద పడే లాగుడు రెండు కిలోలైనా ఉండదు. సొరుగు అంచు మీద ఇంకో 40 కిలోలు ఆనించినా లాగుడు 12 కిలోలు దాటదు. అదే బోల్టును నడుము ఎత్తున, 60 సెంటీమీటర్ల దగ్గర బిగిస్తే లాగుడు రెట్టింపవుతుంది. బాలాపూర్ గణేశుణ్ణి చార్మినార్ మీదుగా ఊరేగింపుగా తీసుకెళ్లే రోజున ఆ దారిలో వచ్చే ఎత్తయిన విగ్రహాలను గమనించండి. నిలువెత్తు విగ్రహాన్ని పాదాల దగ్గర మాత్రమే కట్టి ఎవరూ లారీ కదిలించరు, తాళ్లు పైనుంచి దిగుతాయి. ఈ భౌతికశాస్త్రం వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

చిక్కు ఎక్కడంటే గోడలో. పాత ఇళ్ల గోడలు రాయి, డంగుసున్నంతో కట్టినవి. పైన మందమైన సున్నపు గిలాబు ఉంటుంది. గిలాబులో దిగిన ప్లగ్గు చేత్తో లాగితేనే ఊడి వస్తుంది. డ్రిల్ చేసేటప్పుడు బయటికి వచ్చే పొడిని చూడండి. తెల్లగా, మెత్తగా వస్తున్నంతసేపు ఇంకా సున్నంలోనే ఉన్నట్టు. గట్టిదనం తగిలి పొడి రంగు మారినప్పుడు రాయి లేదా ఇటుక చేరినట్టు. అక్కడినుంచి కనీసం రెండంగుళాలు లోపలికి పోవాలి. రాళ్ల మధ్య అతుకులో పడితే ఆ రంధ్రం వదిలేసి పక్కన వేయాలి. ఒకటి కాదు, రెండు చోట్ల బిగించాలి, బీరువా రేకుకు లోపలివైపు పెద్ద వాషర్ వేయాలి. లేకపోతే బోల్టు నిలుస్తుంది, రేకు చిరుగుతుంది. గోడ అడుగున స్కర్టింగ్ వల్ల బీరువా పైభాగం గోడకు తగలకుండా ఖాళీ మిగిలితే, ఆ ఖాళీలో చెక్క ముక్క పెట్టి బిగించాలి.

గోడకు రంధ్రం వేయడానికి ఇంటి ఓనరు ఒప్పుకోకపోతే? రెండు బీరువాలను వీపు వీపుకు ఆనించి బోల్టు వేయండి. ఒకదాని సొరుగులన్నీ తెరిచినా, వెనకదాని 140 కిలోలు 60 సెంటీమీటర్ల దూరం నుంచి పట్టుకుంటాయి. 8400 అదనం! ఒకటే బీరువా ఉంటే, కింద యాంగిల్‌తో చట్రం వెల్డింగ్ చేసి దాని కాళ్లను 20 సెంటీమీటర్లు ముందుకు చాపవచ్చు. కాకపోతే ఆ కాళ్లు తట్టుకుని పడేవాళ్లు ఉంటారు కనుక పసుపు రంగు వేయాలి. మాకైతే ఇది చివరి ఉపాయం.

కొత్త బీరువాల్లో ఒక సొరుగు తెరిస్తే మిగిలినవి తెరుచుకోని లాకు వస్తోంది. జుమ్మేరాత్ బజారులోనో, మూతపడిన కార్ఖానా సామానులోనో కొన్న పాతవాటిలో అది ఉండదు, ఉన్నా విరిగి ఉంటుంది. కొనేముందు రెండు సొరుగులు ఒకేసారి లాగి చూడండి.

ఇది మన వర్క్‌షాపుల గొడవ మాత్రమే కాదు. 2016 జూన్‌లో అమెరికాలో ఐకియా సంస్థ బట్టలు పెట్టుకునే సొరుగుల బీరువాలను సుమారు 2 కోట్ల 90 లక్షలు వెనక్కి పిలిచింది. గోడకు బిగించనివి పిల్లల మీద పడి ప్రాణాలు పోయాయి. కొన్నవాళ్లకు డబ్బు వాపసు, లేదా గోడకు బిగించే సామాను ఉచితం అని ప్రకటించింది. 2018 ఆగస్టులో మన హైదరాబాద్‌లో దుకాణం తెరిచింది ఆ సంస్థే. అమెరికాలో 2022 డిసెంబరులో దీనిమీద చట్టమే వచ్చింది. దాని ప్రకారం అలాంటి బీరువాను సొరుగులు నింపి తెరిచి, కింద తివాచీ ఉన్నట్టు వాలు పెట్టి, 60 పౌండ్ల దాకా, అంటే 27 కిలోల పిల్లవాడు వేలాడినట్టు బరువు వేసి పరీక్షించాలి. తెరిచిన సొరుగు, వాలు, ఆనిన మనిషి. మనం పైన చెప్పుకున్న మూడూ అవే. టూల్ బీరువాలకు ఆ చట్టం వర్తించదు.

బీరువాను జరపాల్సి వస్తే పై సొరుగులు ముందు తీసి పక్కన పెట్టండి, మిగిలినవాటికి తాళం వేయండి. చక్రాల బీరువాను తోయండి, లాగకండి. లాగితే అది పడేది మీవైపే. ఒరగడం మొదలైతే చేతులు అడ్డం పెట్టకండి, పక్కకు తప్పుకోండి. పానాలు మళ్లీ ఏరుకోవచ్చు.

మన వసతి గృహం సంగతి కూడా చెప్పాలి. ఈ వ్యాసం కోసం మేము నలుగురం టేపు పట్టుకుని అన్ని గదులూ తిరిగాం. హాలులో టీవీ స్టాండు వెడల్పుగా ఉంది, ఫర్వాలేదు. ఒకదానిమీద ఒకటి నాలుగేసి పేర్చిన ట్రంకుపెట్టెలను రెండేసిగా దించాం. చిన్న తరగతుల తమ్ముళ్లు పై పెట్టె అందక కింది పెట్టె అంచు మీద ఎక్కుతున్నారు. ఆఫీసు బీరువాకు తలుపులే తప్ప సొరుగులు లేవు, కాని ముందుకు వాలి ఉంది, పట్టీలు పెట్టాం. మిగిలింది స్టోరు గదిలో బియ్యం బస్తాల ఇనుప రాకు. ఒక్కో బస్తా 50 కిలోలు, పై అరలో మూడు ఉన్నాయి. ప్రస్తుతానికి వాటిని కింది అరలోకి మార్చాం. గోడకు బిగించడానికి డ్రిల్లింగ్ మిషన్ కావాలి. పూర్వ విద్యార్థుల్లో ఎవరి దగ్గరైనా ఉంటే వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు తీసుకురాగలరు, ఫాస్టనర్లు మేము కొని ఉంచాం.