అపశకునం అన్నం పెట్టింది

ఉగాండా దేశంలో, విక్టోరియా సరస్సు అంచున, మబాంబా అనే చిత్తడినేల ఉంది. వేకువనే సన్నని కొయ్యపడవలలో, పాపిరస్ తుంగ నడుమ, యాత్రికులు మౌనంగా సాగిపోతారు. వారు ముఖ్యంగా వెదకేది ఒక్క పక్షినే: షూబిల్. బూడిదవన్నె దేహం, దాదాపు నాలుగడుగుల ఎత్తు, పెద్ద పాదరక్షను పోలిన ముక్కు. అది చాలాసేపు శిలావిగ్రహంలా నిలుచుంటుంది. గాలి పీల్చుకొనడానికి లంగ్‌ఫిష్ అనే చేప నీటిపైకి రాగానే, ఒక్కసారిగా మీదపడి పట్టుకుంటుంది.

ఆ చేప కోసమే జాలరులూ వల వేస్తారు. షూబిల్ కంటబడితే ఆనాడు వల ఖాళీయేనని పూర్వం వారి నమ్మకం. అందుచేత దానిని చంపేవారు. రెండు గుడ్లు పెట్టినా, సాధారణంగా ఒకే పిల్ల దక్కే జాతికి అది తీరని నష్టం.

క్రమంగా, ఆ పక్షిని చూడడానికే దూరదేశాల వారు రాసాగారు. నీటిదారులు ఎరిగినవారు జాలరులే కదా! వారిలో కొందరు మార్గదర్శకులయ్యారు. 2006లో రామ్‌సర్ ఒడంబడిక కింద మబాంబాకు అంతర్జాతీయ గుర్తింపు లభించింది.

షూబిల్‌కు ముప్పు తొలగిపోలేదు. అయినా, ఒకనాడు దానిపై పగబట్టిన జాలరులే నేడు తెడ్డు ఆపి, ఊపిరి బిగబట్టి, “అదిగో!” అని చూపుతున్నారు.