టెంప్లేట్ వాడాలా? చేత్తో కలుపుకోవాలా?

సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగితే కవిత రాద్దామని కూర్చున్నాను. రాలేదు. అందుకే నాకు తెలిసిన జావా గురించి రాస్తున్నాను. కంప్యూటర్స్ తీసుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొస్తుంది.

ప్రోగ్రాం మొత్తం మనమే రాయం. వేరేవాళ్లు రాసిపెట్టిన లైబ్రరీలు వాడుకుంటాం. మన ప్రోగ్రాం ఆధారపడే ఆ లైబ్రరీలనే డిపెండెన్సీలు అంటారు. ఒకప్పుడు జార్ ఫైళ్లు ఒక్కొక్కటే తెచ్చి ఫోల్డర్‌లో వేసుకునేవారు. మావెన్ వచ్చాక పోమ్ ఫైల్‌లో పేరు, వెర్షన్ రాస్తే అదే తెస్తుంది. తెచ్చిన లైబ్రరీకి ఇంకొకటి కావాలంటే దాన్నీ తెస్తుంది.

ఇక టెంప్లేట్. హాస్టల్‌లో చేరినప్పుడు పెట్టె, పళ్లెం, గ్లాసు, దుప్పటి ఒకేసారి ఇచ్చారు కదా, అలాంటిది. స్ప్రింగ్ ఇనిషియలైజర్ సైట్‌లో 'వెబ్' ఎంచుకుంటే ప్రాజెక్టు తయారై వస్తుంది. స్ప్రింగ్ బూట్ 3లో అయితే 'స్టార్టర్ వెబ్' అనే ఒక్క డిపెండెన్సీ వెనకే టామ్‌క్యాట్, జాక్సన్, స్ప్రింగ్ ఎంవీసీ వచ్చేస్తాయి.

ఎంసీఏ ప్రాజెక్టుగా నేను మెస్ హాజరు లెక్క చేశాను. డెమో ముందురోజు సాయంత్రం, కొత్తదైతే మంచిదని జాక్సన్ డేటాబైండ్‌ను వెర్షన్ నంబరుతో సహా చేత్తో రాశాను. కంపైల్ అయింది. హాజరు జాబితా తెరిస్తే 'నో సచ్ మెథడ్ ఎర్రర్'. తప్పు నా కోడ్‌లోనే ఉందని తెల్లవార్లూ వెతికాను. మా ఇంట్లో ఎవరిని అడగను? నాన్నకు నేను కంప్యూటర్ చదువుతున్నానని మాత్రమే తెలుసు. డెమో ఇవ్వలేక ఇంకో తేదీ అడుక్కున్నాను.

తర్వాత ఒక సీనియర్ అన్న 'ఎంవీఎన్ డిపెండెన్సీ:ట్రీ' అనే కమాండ్ చెప్పాడు. ఏ లైబ్రరీ దేని వెంట వచ్చిందో కొమ్మల్లా చూపిస్తుంది. డేటాబైండ్ కొత్తది, జాక్సన్ కోర్ పాతది! ఒకదానికొకటి సరిపడే వెర్షన్లను టెంప్లేట్‌లోని పేరెంట్ పోమ్ ముందే కుదిర్చి ఉంచింది. నేను ఒకదాన్నే మార్చి చెడగొట్టాను. ఆ వెర్షన్ లైన్ తీసేస్తే నడిచింది.

టెంప్లేట్ టైపింగ్ తగ్గిస్తుందని అందరూ అంటారు. అది చిన్న లాభం. కుదిర్చిన వెర్షన్లే అసలు లాభం. కాబట్టి అందులో ఏదైనా చేత్తో కలిపితే ముందు పేరు మాత్రమే రాయండి. పేరెంట్‌కు తెలియని లైబ్రరీ అయితే మావెన్ వెర్షన్ అడుగుతుంది. ఎక్సెల్ కోసం అపాచీ పీఓఐ కలిపినప్పుడు నాకు అలాగే అయింది.

అలాగని కళ్లు మూసుకుని టెంప్లేట్‌ను నమ్మమని కాదు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జేలో పెద్ద లోపం బయటపడినప్పుడు, తమ సాఫ్ట్‌వేర్‌లో అది ఉందో లేదో చాలామందికి వెంటనే తెలియలేదు. వాళ్లు కలపకపోయినా వేరే లైబ్రరీ వెంట వచ్చి కూర్చుంది. నా మటుకు మొదటి ప్రాజెక్టు ఖాళీ మావెన్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటే కలిపి, ప్రతిసారీ ఆ ట్రీ చూడమంటాను. రెండోదానికి టెంప్లేట్ వాడుకోండి.

ఇంకో మాట. మావెన్ తెచ్చినవన్నీ మీ కంప్యూటర్‌లోనే 'డాట్ ఎం2' ఫోల్డర్‌లో దాస్తుంది. హాస్టల్‌లో నెట్ అందనివాళ్లు కాలేజీలోనే ఒకసారి పూర్తిగా బిల్డ్ చేసుకుని రండి. రాత్రికి 'మైనస్ ఓ' పెట్టి నెట్ లేకుండానే పని చేసుకోవచ్చు.