ఆల్ప్స్ అరుగు మీద

ఉత్తరపు గాలి గట్టిగా తోలిన మర్నాటి పొద్దున మిలాన్‌లో ఏ ఎత్తైన మేడెక్కి చూసినా ఊరి చివర కొండలు నిలబడి ఉంటాయి. ముందురోజు దాకా అక్కడ బూడిదరంగు తెర తప్ప ఏమీ కనపడదు. పళ్ళు పళ్ళుగా కోసినట్టున్న వరుస రెజెగోనె, ఎత్తు 1875 మీటర్లు. దానికి ఎడమ పక్కన వెడల్పుగా పరుచుకున్నది గ్రిన్యా, 2410 మీటర్లు. రెండింటి పాదాల దగ్గరా కోమో సరస్సు ఒడ్డున లెక్కో అనే పట్టణం ఉంది. మిలాన్ నుంచి రైల్లో గంట కూడా పట్టదు. మిలాన్ పాలిటెక్నిక్‌కు ఓ ప్రాంగణం అక్కడ ఉంది కాబట్టి, చదువుకోడానికి వెళ్ళిన మన తెలుగు పిల్లలకు కూడా ఈ కొండలు కొత్త కాదు.

ఆల్ప్స్ అనగానే మనకు మాటర్‌హార్న్, మోంట్ బ్లాంక్ గుర్తొస్తాయి. కానీ మంచు శిఖరాలకూ దక్షిణాన పరుచుకున్న పో నది మైదానానికీ మధ్య తక్కువ ఎత్తు కొండల వరుస ఒకటి ఉంది. ఇటాలియన్లు దాన్ని ప్రెఆల్పి అంటారు. మనం పూర్వ ఆల్ప్స్ అనుకుందాం. ఇంటి లోపలి గదిలో కూర్చున్నవాడికి గోడలే కనిపిస్తాయి. అరుగు మీద కూర్చున్నవాడికి ఇటు వీధీ, అటు తలుపుల్లోంచి లోపలి వసారా రెండూ కనిపిస్తాయి. ఈ కొండలు ఆల్ప్స్‌కు అరుగు. వాటి మీది నుంచి దృశ్యం ఎందుకంత బాగుంటుందో, అక్కడ నీళ్ళు ఎందుకు దొరకవో, పిడుగులు ఎందుకు ఎక్కువో, మరెక్కడా లేని పూలు అక్కడ ఎందుకున్నాయో ఆరా తీస్తే ప్రతిసారీ ఆ అరుగు స్థానమే సగం జవాబు చెబుతుంది.

ముందు చూపు సంగతి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి చూపుకు ఓ హద్దు ఉంది. మనం నిలబడ్డ ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. గ్రిన్యా శిఖరానికి ఇది 175 వస్తుంది. అయితే కిందిగాలి చిక్కగా, పైగాలి పలచగా ఉండడం వల్ల కాంతి కిరణం భూమి వంపును అనుసరిస్తూ కాస్త వంగుతుంది. దాంతో హద్దు సుమారు 190 కిలోమీటర్లకు జరుగుతుంది. మరి 230 కిలోమీటర్ల అవతల, ఫ్రాన్స్ సరిహద్దు దగ్గరున్న మోన్విజో శిఖరం ఇక్కణ్ణుంచి ఎలా కనిపిస్తుంది? అది కూడా 3841 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి. దాని కొనకు తనదంటూ మరో 240 కిలోమీటర్ల దిగంతం ఉంది. రెండు హద్దులూ కలిపినంత దూరం దాకా, మధ్యలో ఏదీ అడ్డం రాకపోతే, ఒక కొన నుంచి ఇంకో కొన కనిపిస్తుంది.

ఆ చివరి మాటలోనే అసలు కిటుకంతా ఉంది. ఆల్ప్స్ నడిబొడ్డున మూడు వేల మీటర్ల శిఖరం ఎక్కినా పక్కనున్న నాలుగు వేల మీటర్ల గోడ సగం ఆకాశాన్ని తినేస్తుంది. గ్రిన్యాకు దక్షిణాన అడ్డమంటూ ఏమీ లేదు. ఉత్తరాన, పడమట ఉన్నవి అడ్డంకులు కావు, మనం చూడాలనుకునేవే: 60 కిలోమీటర్ల దూరంలో బెర్నీనా, పడమట 120 కిలోమీటర్ల దూరంలో మోంటె రోసా. శిఖరం గొప్పదనాన్ని ఎత్తుతోనే కొలిచే అలవాటు మనకు బాగా పాతుకుపోయింది. ఎక్కేవాడికి ఎత్తు ముఖ్యం కావచ్చు, చూసేవాడికి మాత్రం చుట్టూ ఉన్న ఖాళీ ముఖ్యం.

లెక్క ప్రకారం కనిపించాల్సినవన్నీ కంటికి కనిపించవు. పో మైదానం ఐరోపాలో గాలి బాగా చెడిన ప్రాంతాల్లో ఒకటి. మూడు వైపులా కొండలు మూసేయడంతో చలికాలంలో చల్లగాలి గిన్నెలో నీళ్ళలా అడుగున నిలిచిపోతుంది. పొగా, మంచూ అందులోనే ఇరుక్కుంటాయి. అలాంటి రోజుల్లో వెయ్యి మీటర్లు దాటి ఎక్కితే చాలు, పైన ఎండ, కింద తెల్లటి మబ్బు పొర. ఉత్తరం నుంచి ఆల్ప్స్ దాటి కిందికి దిగే గాలి మాత్రం దిగుతూ దిగుతూ వేడెక్కి, పొడిబారి, మైదానాన్ని ఊడ్చేస్తుంది. చూడదలచినవాళ్ళు ఆ గాలి కోసం కాచుకుంటారు.

ఇక కాళ్ళ కింది రాయి. గ్రిన్యా అంతా సున్నపురాయి, దాని జాతిదే అయిన డోలమైట్. సుమారు 24 కోట్ల ఏళ్ళ కిందట వెచ్చటి లోతులేని సముద్రంలో పేరుకున్నది. ఉత్తరపు వాలులోని ఎసీనో గ్రామం దగ్గర రాళ్ళలో నత్తగుల్లల శిలాజాలు దొరుకుతాయి. 19వ శతాబ్దంలో వాటిని పుస్తకాలకెక్కించినవాడు లెక్కోలో పుట్టిన ఆంటోనియో స్టొప్పానీ అనే మతాచార్యుడు, భూగర్భ శాస్త్రవేత్త. మనిషి చేతలు భూమి చరిత్రలో ఒక కొత్త యుగాన్నే మొదలుపెట్టాయని 1873లోనే రాశాడు. నేడు ఆంత్రోపోసీన్ పేరుతో జరుగుతున్న చర్చకు ఆయన్ను ఆద్యుల్లో ఒకడిగా లెక్కిస్తారు. గుల్లలు ఏరుతూ కొండలెక్కిన మనిషికి కాలం అంత పొడవుగా కనిపించడంలో నాకు వింతేమీ తోచదు.

సముద్రపు అడుగు ఇంత పైకి ఎలా వచ్చింది? ఆఫ్రికా పలకకు అనుబంధంగా ఉన్న ఏడ్రియా అనే ముక్క ఉత్తరానికి జరిగి ఐరోపాను గుద్దుకుంది. ఆ ఒత్తిడికి రాతి పొరలు తెగి, ఒకటి జారి ఇంకోదాని మీదికి ఎక్కాయి. అందుకే గ్రిన్యాలో కింది నుంచి పైకి నడుస్తుంటే ఒకే రాతి వరుస మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. పాత రాయి కొత్త రాయి మీద కూర్చుని ఉంటుంది. సరస్సు ఉత్తరపు కొసన తూర్పు పడమరలుగా తిన్నగా సాగే వాల్తెల్లీనా లోయ వెంబడి ఒక పెద్ద భ్రంశ రేఖ పోతుంది. దానికి అవతల కాగి, నలిగి, రూపు మారిన రాళ్ళు, గ్రానైట్లు. ఇవతల ఈ సున్నపురాయి. గ్రిన్యా కొన మీద నిలబడి ఉత్తరానికి చూసేవాడు ఆ అతుకుకు ఇవతలి గట్టున, ఏడ్రియా మీద నిలబడి ఉంటాడు.

సున్నపురాయి మీద వాన నిలవదు. గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకున్న నీరు స్వల్పంగా ఆమ్లమై రాయిని కరిగిస్తుంది. మన బెలూం గుహలను తొలిచిందీ ఈ రసాయన చర్యే. గ్రిన్యా ఉత్తర వాలులోని మోంకోదేనో ప్రాంతంలో బండలను దగ్గరగా చూడండి. వేలు పట్టేంత గాడులు, వాటి మధ్య కత్తివాదరలాంటి అంచులు, అక్కడక్కడ రాయి జారవిడిస్తే చప్పుడు ఆలస్యంగా వినిపించే నూతులు. కొన్నిటి అడుగున ఎండాకాలంలో కూడా మంచు గడ్డకట్టి ఉంటుంది. ఇటలీలోకెల్లా లోతైన గుహల్లో కొన్ని ఇక్కడివే, వెయ్యి మీటర్లకు పైగా దిగేవి ఉన్నాయి. కురిసిన వానంతా వీటిలోకి దిగిపోతుంది కాబట్టి పైన వాగంటూ ఉండదు. కింద సరస్సు ఒడ్డున వరెన్నా ఊరి పక్కన మాత్రం కొండ గర్భంలోంచి ఫ్యూమెలాత్తె అనే నది తెల్లటి నురగతో దూకి, 250 మీటర్లు పరుగెత్తి సరస్సులో కలిసిపోతుంది. వసంతంలో మొదలై శరత్తు దాకా పారుతుంది, చలికాలంలో ఎండిపోతుంది. లియొనార్డో డ విన్చీ తన రాతల్లో దీన్ని ప్రస్తావించాడు. గ్రిన్యాను కూడా ప్రస్తావించాడు.

ఈ కొండలెక్కేవాళ్ళు ఇంటి దగ్గరే నీళ్ళు నింపుకోవాలి. సరస్సు కళ్ళెదుటే మెరుస్తుంటుంది, దారిలో గుక్కెడు నీళ్ళు దొరకవు. పైనున్న ఆశ్రయ గృహాలకు వాన నీళ్ళు, కరిగిన మంచు నీళ్ళే ఆధారం కాబట్టి అక్కడ కుళాయి తిప్పడం కూడా ఆలోచించి చేసే పని.

సుమారు పాతికవేల ఏళ్ళ కిందట, చివరి మంచుయుగం ముదిరినప్పుడు, ఇప్పుడు సరస్సున్న లోయంతా హిమానీనదం. అది లెక్కో దాటి మైదానం అంచు దాకా వచ్చింది. మోసుకొచ్చిన మట్టీ రాళ్ళనూ అక్కడ గుట్టలుగా పోసింది. నేటి బ్రియాంత్సా మిట్టలు, వాటి మధ్యనున్న చిన్న సరస్సులు ఆ మేటల వల్ల ఏర్పడినవే. సున్నపురాతి నేల మీద ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు కూర్చున్న గ్రానైట్ గుండ్లు కూడా అప్పుడు ఉత్తరాది నుంచి వచ్చినవే. కోమో సరస్సు నీటిమట్టం సముద్రానికి 198 మీటర్ల ఎత్తు, లోతు 400 మీటర్లకు పైనే. అంటే అడుగు సముద్రమట్టం కన్నా కిందికి పోయింది.

కానీ మంచు అన్నిటినీ ముంచలేదు. గ్రిన్యా పైభాగం మంచునదుల మధ్య ద్వీపంగా మిగిలింది. దక్షిణాన మంచు అందని వాలులూ ఉన్నాయి. ఆల్ప్స్ లోపల మొక్కలు తుడిచిపెట్టుకుపోయిన వేళ ఈ అంచు కొండల్లో కొన్ని బతికాయి. వేల ఏళ్ళు విడిగా ఉండిపోయి, తమదైన రూపం తెచ్చుకున్నాయి. బండ చీలికలో ఇమిడి, మొక్క కన్నా పువ్వే పెద్దదిగా కనిపించే నీలి గంటపువ్వు కంపానులా రైనెరి ఇటలీలోని ఈ పూర్వ ఆల్ప్స్‌లో తప్ప సహజంగా పెరగదు. ప్రిములా గ్రినెన్సిస్ అనే పూల మొక్క అయితే ఈ కొండ పేరే పెట్టుకుంది. అలాంటి మొక్క పక్కన కూర్చున్నప్పుడు ఎదుటి మంచు శిఖరాలను కాసేపు మరిచిపోవచ్చు, మరిచిపోవాలి కూడా.

ఇప్పుడు ఈ మొక్కలకొచ్చిన ఆపద వేరు. ఐరోపాలో 302 శిఖరాల మీద 145 ఏళ్ళుగా పోగైన మొక్కల జాబితాలను పోల్చి 2018లో ఒక అధ్యయనం వెలువడింది. వేడి పెరిగేకొద్దీ కింది మొక్కలు శిఖరాలకు ఎక్కుతున్నాయి. 2007-2016 దశాబ్దంలో ఆ చేరిక యాభై ఏళ్ళ కిందటి దశాబ్దం కన్నా అయిదు రెట్లు ఎక్కువ. నాలుగు వేల మీటర్ల కొండ మీదున్న మొక్కకు పైకి జరగడానికి ఇంకా చోటుంది. 2400 మీటర్ల కొండ కొసన ఉన్నదానికి లేదు.

నడిచేవాడి ఒంటికి మాత్రం ఈ ఎత్తు చాలా అనుకూలం. ఎత్తు జబ్బు సాధారణంగా 2500 మీటర్లు దాటాక మొదలవుతుంది. గ్రిన్యా కొన మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో ముప్పాతిక వంతు, ఆయాసం తెలుస్తుంది కానీ తల తిరగదు. ఎసీనో పైనున్న కైనాల్లో కనుమ నుంచి ఎక్కితే 1100 మీటర్లకు పైగా ఎక్కుడు. మామూలు మనిషి గంటకు 300, 350 మీటర్లు ఎక్కుతాడని ఇటలీ దారి బోర్డుల లెక్క. అంటే మూడు గంటల పైచిలుకు. దారిలో రాళ్ళ మీద ఎరుపు తెలుపు పట్టీలు, వాటిపై దారి నంబరు ఉంటాయి. దక్షిణపు చిన్న శిఖరం గ్రిన్యెట్టా మీదికి పోయే చెర్మెనాతి గట్టు ఇంకా నిటారు, కొన్నిచోట్ల ఇనుప గొలుసులు పట్టుకుని ఎక్కాలి. రికార్డో కాసిన్, వాల్టర్ బొనాత్తి వంటి మహా అధిరోహకులు చేయి తిప్పుకున్నది ఈ గ్రిన్యెట్టా సూది రాళ్ళ మీదే.

భయపడాల్సింది పిడుగుకు. ఎండాకాలం మధ్యాహ్నానికి మైదానం మీది తేమగాలి వేడెక్కి ఉత్తరానికి జరిగి మొదటి గోడకు తగులుతుంది. ఆ గోడ ఈ కొండలే. పోవడానికి దారిలేక గాలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, ఉరుములుగా మారుతుంది. ఐరోపాలో పిడుగులు ఎక్కువ పడే చోట్లలో ఆల్ప్స్ దక్షిణపు అంచు ఒకటి. అందుకే ఇక్కడివాళ్ళు చీకట్నే బయల్దేరి మధ్యాహ్నంలోగా గట్టు దిగిపోతారు. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరం లెక్కేసుకుని, అది తగ్గుతుంటే గొలుసులకు, ఇనుప తాళ్ళకు, కొనలకు దూరంగా జరుగుతారు.

రిఫూజియో అనే ఆశ్రయ గృహం విలువ అప్పుడు తెలుస్తుంది. క్వింటీనో సెల్లా చొరవతో 1863లో పుట్టిన ఇటాలియన్ ఆల్పైన్ క్లబ్ ఇలాంటివి వందల్లో నడుపుతోంది. గ్రిన్యా కొనకు కాస్త దిగువనే ఉన్న బ్రియోస్కీ గృహాన్ని మిలాన్ శాఖ 1895లో తెరిచింది. గ్రిన్యెట్టా మీద 1968లో పెట్టిన ఫెర్రారియో అనే చిన్న లోహపు గూడు చంద్రుడి మీద దిగిన వాహనాన్ని పోలి ఉంటుంది. లోపల కాపలా ఉండదు, తలుపు తోసుకుని వెళ్ళడమే. పెద్ద గృహాల్లో బూట్లు గుమ్మం దగ్గర విప్పాలి, దుప్పటి వాళ్ళిస్తారు కానీ లోపలి పక్కగుడ్డ మనదే. తిండికి మొక్కజొన్న పిండితో చేసే వేడివేడి పొలెంతా, కింది వల్సాస్సీనా లోయ జున్ను. ఆ జున్ను ముగ్గేది కూడా కొండ పాదంలోని రాళ్ళ సందుల్లోంచి ఏడాదంతా వచ్చే చల్లగాలిలోనే.

గృహంలో ఒక పుస్తకం ఉంటుంది. అందులో పేరుతో పాటు రేపు ఏ దారిన పోతున్నామో రాయాలి. రాయకుండా వెళ్ళేవాళ్ళున్నారు, అది మంచి అలవాటు కాదు. మనిషి తిరిగి రాకపోతే వెతికేవాళ్ళు మొదట తెరిచేది ఆ పేజీనే. దారిలో కాలు విరిగి, ఫోను అందకపోతే ఈలతోనో టార్చితోనో నిమిషానికి ఆరుసార్లు సైగ చేసి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు చేయాలి. నిమిషానికి మూడుసార్లు తిరుగు సైగ వస్తే విన్నారన్నమాట. హెలికాప్టర్ పైకి వచ్చినప్పుడు రెండు చేతులూ ఎత్తితే సాయం కావాలని అర్థం. ఒక చెయ్యి పైకీ ఒక చెయ్యి కిందికీ పెడితే అక్కర్లేదని. సంతోషం కొద్దీ ఒంటి చేత్తో ఊపకూడదు, వద్దన్నారనుకుని వెళ్ళిపోతారు.